ఊడిపడిన పన్నూ, కొబ్బరినీరూ

కోనసీమలో ఒక ఉన్నత పాఠశాల ఆటస్థలాన్ని ఊహించండి. సాయంకాలం కబడ్డీ జరుగుతున్నది. కూతకు వెళ్ళిన పిల్లవాణ్ణి నలుగురు చుట్టుముట్టి పట్టుకున్నారు. ఎవరి మోచేయి తగిలిందో తెలియదు. వాడు లేచేసరికి నోటినిండా రక్తం, ముందరి పన్ను ఇసుకలో. "మాస్టారూ, వీడి పన్ను ఊడిపోయిందండీ!" అని పిల్లలు కేకలు వేస్తారు. మాస్టారు వాని నోరు కడిగిస్తారు, గుడ్డ మడతపెట్టి చిగురుకు అదిమి పట్టిస్తారు, తండ్రికి కబురు పంపుతారు. ఇంతవరకు అంతా సక్రమంగానే ఉన్నది. పన్ను సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఒకవేళ పట్టినా, దాన్ని కుళాయి కింద పెట్టి మట్టి పోయేదాకా తోమి, కాగితంలో పొట్లం కట్టి, పిల్లవాని చొక్కా జేబులో వేస్తారు. మరునాడు దంతవైద్యుని ఎదుట ఆ పొట్లం విప్పేసరికి అందులోని పన్ను చచ్చిపోయి చాలా గంటలై ఉంటుంది.

ఇటువంటి సమయంలో పన్నును కొబ్బరినీటిలో వేసి తీసికొనిపోతే బ్రతికి ఉంటుందన్న మాట కొన్నేళ్ళుగా ప్రచారంలో ఉన్నది. బడి గోడ దాటితే కొబ్బరితోట కనిపించే ప్రాంతంలో ఈ మాట ఎంత ఇంపుగా వినబడుతుందో చెప్పనక్కరలేదు. ఇది వట్టి పుకారు కూడా కాదు. దీని వెనుక నిజమైన ప్రయోగం ఉన్నది; అదీ మన పొరుగుననే, చెన్నైలో జరిగింది. అయితే ఆ ప్రయోగం రుజువు చేసినదానికీ, జనం నోట తిరుగుతున్న సలహాకూ మధ్య కొంత ఎడమున్నది. ఆ ఎడమెంతో చూడవలెనంటే, ముందు ఊడిన పంటిలో బ్రతికి ఉండేది ఏమిటో తెలియాలి.

పన్ను దవడ ఎముకలో మేకువలె దిగగొట్టి ఉండదు. పంటి మూలానికీ, అది కూర్చున్న గుంటకూ మధ్య మిల్లీమీటరులో నాలుగవ వంతు కూడా నిండని సన్నని సందు ఉన్నది. ఆ సందునిండా అటు ఎముకలోనికీ ఇటు మూలంలోనికీ నాటుకొన్న నారపోగులు, వాటిని పెంచి పోషించే కణాలు ఉంటవి. దీనికి పరిదంత బంధనమని పేరు. పన్ను ఈ పోగుల ఊయలలో వ్రేలాడుతూ ఉంటుందంటే తప్పులేదు. గట్టి చెరకుముక్క కొరికినప్పుడు ఆ దెబ్బను కాచుకొనేది ఈ ఊయలే. బలమైన దెబ్బ తగిలి పన్ను ఊడివచ్చినప్పుడు ఈ బంధనం మధ్యకు తెగుతుంది. కొంత గుంటగోడకు అంటుకొని ఉండిపోతుంది, కొంత పంటి మూలంతో వస్తుంది. మూలంమీద తడిగా, ఎర్రగా కనిపించే ఆ సన్నని పొర మురికి కాదు. అది సజీవమైన కణజాలం. కుళాయి కింద తోమి పోగొట్టేది సరిగ్గా దానినే.

ఆ కణాలు బ్రతికి ఉండగా పన్నును మరల గుంటలో పెడితే రెండు సగాలూ కలిసి అతుకుకొంటవి. చచ్చిన తరువాత పెట్టినా పన్ను నిలబడుతుంది గాని, శరీరం దానిని తన ఎముకలో భాగంగా ఎంచుతుంది. ఎముక నిత్యం కరుగుతూ, తిరిగి కట్టబడుతూ ఉండే పదార్థం కదా. ఆ పనిలో పంటి మూలాన్ని కూడా కొద్దికొద్దిగా కరిగించి, దాని చోట ఎముకను నింపుకొంటూ పోతుంది. కొన్ని సంవత్సరాలకు మూలం లేక పన్ను రాలిపోతుంది. ఎదిగే పిల్లలలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది: దవడ పెరుగుతుంది, ఎముకకు అతుక్కుపోయిన పన్ను దానితోపాటు దిగిరాదు, ప్రక్క పళ్ళకంటె పొట్టిదై వెనుకబడుతుంది.

ఎంతకాలంలో చస్తవి ఆ కణాలు? 1966లో ఆండ్రియాసెన్, యోర్టింగ్-హాన్సెన్ అనే డెన్మార్కు దంతవైద్యులు, ప్రమాదాలలో ఊడి తిరిగి నాటబడిన 110 పళ్ళ చరిత్రను ఎక్స్‌రే పటాలతో పరిశీలించి ప్రకటించారు. అరగంటలోగా గుంటలోనికి చేరిన పళ్ళలో నూటికి 90 వంతులు మూలం కరగకుండా నిలిచినవి. రెండు గంటలు దాటిన తరువాత చేరిన వాటిలో నూటికి 95 వంతులు కరగనారంభించినవి. ఆ తరువాత ఎన్ని పరిశోధనలు జరిగినా ఈ లెక్కలోని సారం మారలేదు. గాలిలో ఎండుతూ గంట గడిస్తే మూలంమీది కణాలు బ్రతికి ఉన్నవన్న ఆశ దాదాపు వదులుకోవలసినదే.

కాబట్టి వైద్యుడు దూరంగా ఉన్నప్పుడు పన్నును ఎండనీయకుండా దేనిలోనైనా ఉంచాలి. ఏ ద్రవమైతే కణాలు ఎక్కువసేపు ఓర్చుకొంటవి? మంచినీళ్ళు పనికిరావు. ద్రవాభిసరణం చదివిన పదవ తరగతి విద్యార్థి కారణం చెప్పగలడు: కణం లోపల లవణాలు ఎక్కువ, బయట నీటిలో తక్కువ, నీరు లోనికి చొరబడి కణం ఉబ్బి పగులుతుంది. 1980 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన బ్లోమ్‌లోఫ్ ఈ విషయం పరిశీలించి పాలకు పెద్దపీట వేశాడు. పాల ద్రవాభిసరణ పీడనం రక్తానికి దగ్గరగా ఉంటుంది, ఆమ్లత బహుస్వల్పం, ఎక్కడ చూచినా దొరుకుతవి. హాంక్ లవణద్రావణమనే ప్రయోగశాల ద్రవం మరొకటి ఉన్నది గాని, అది ఏ గ్రామంలోనూ దొరికే వస్తువు కాదు.

ఇక చెన్నై ప్రయోగం. 2008లో గోపీకృష్ణ, ఆయన సహచరులు దంతవైద్యులు అప్పుడే తీసిన 70 మానవ దంతాలను తీసికొన్నారు. ప్రయోగానికి ఎంచిన వాటిని ముప్పై నిమిషాలు పొడిగా ఉంచి, తరువాత నాలుగు భాగాలుగా చేసి కొబ్బరినీటిలో, తేనెటీగల జిగురు ద్రావణంలో, హాంక్ ద్రావణంలో, పాలలో వేశారు. పోల్చి చూడడానికి కొన్నిటిని వెంటనే పరీక్షించారు, కొన్నిటిని ఎనిమిది గంటలు ఎండబెట్టారు. తరువాత మూలంమీది కణాలను విడదీసి ట్రైపాన్ బ్లూ అనే రంగు కలిపారు. బ్రతికి ఉన్న కణం ఆ రంగును లోనికి రానీయదు, చచ్చిన కణం నీలమవుతుంది. నీలంకాని వాటిని లెక్కించగా, కొబ్బరినీటిలోని పళ్ళమీదనే సజీవకణాలు అన్నిటికంటె ఎక్కువగా తేలినవి. హాంక్ ద్రావణానికీ పాలకూ మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

ఇది శ్రద్ధగా చేసిన పని. ఖరీదైన ద్రావణాల కోసం చూడక, తీరప్రాంతంలో ప్రతివారికీ అందే వస్తువును ఎత్తి ప్రయోగశాలలో పెట్టిన ఆలోచన మెచ్చదగినది. ముప్పై నిమిషాలు ఎండనిచ్చి తరువాత ద్రవంలో వేయడం కూడా వివేకమే. నిజజీవితంలో జరిగేదీ అదే.

అయినా ఆ ఫలితం ఎంతవరకు వర్తిస్తుందో చూడాలి. లెక్కించింది కణాలను, నాటిన పళ్ళను కాదు. కణాలు ఎక్కువ బ్రతికితే పన్ను బాగా అతుకుతుందని ఊహించడం న్యాయమే, కాని ఊహ ఊహే. ఇసుకలో దొర్లి, చేతులు మారి వచ్చిన పన్ను వైద్యుడు పట్టుకారుతో జాగ్రత్తగా తీసిన పంటివంటిదీ కాదు. అన్నిటికంటె ముఖ్యమైన సందేహం మరొకటి: కొబ్బరినీరు అనేది ఒక పదార్థమా? అంబాజీపేట మార్కెట్టులో ఏ వర్తకుణ్ణి అడిగినా నవ్వుతాడు. లేతబొండం నీళ్ళు వేరు, కొబ్బరి కట్టిన కాయ నీళ్ళు వేరు, కురిడీకి ఎండబెట్టే ముదురుకాయ సంగతి వేరు. కాయ ముదిరే కొద్దీ చక్కెరలు, లవణాలు, ఆమ్లత అన్నీ మారిపోతవి. లేతబొండం నీరు సాధారణంగా కొంత ఆమ్లగుణం కలదిగానే ఉంటుంది. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ; మన కణాలు స్నానమాడే ద్రవంలో ఈ లెక్క తలక్రిందులుగా ఉంటుంది.

మరుసటి సంవత్సరమే, అనగా 2009లో, కొబ్బరి విస్తారంగా పండే మరొక దేశం నుంచి ఎదురు సమాధానం వచ్చింది. బ్రెజిల్ పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన మానవ తంతుకణాలను పాలలో, లవణజలంలో, సహజమైన కొబ్బరినీటిలో, సోడా కలిపి ఆమ్లత విరిచిన కొబ్బరినీటిలో, సీసానీటిలో ఉంచి చూచారు. పాలు మొదటి స్థానంలో నిలిచినవి. సోడా కలిపిన కొబ్బరినీరు, లవణజలం తరువాత వచ్చినవి. సహజమైన కొబ్బరినీరు వాటికి చాలా వెనుక, సీసానీటికి కొంచెం ముందు మాత్రమే నిలిచింది.

రెండు ప్రయోగాలలో ఒకటి అబద్ధమనుకోవడం తొందరపాటు. చెన్నైలో వాడినవి పంటిమీది సహజకణాలు, బ్రెజిల్‌లో వాడినవి పాత్రలో పెంచినవి. కాయలు వేరు, నేలలు వేరు, ఉంచిన కాలం వేరు. అయితే బ్రెజిల్ వారి పనిలో విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన నేర్పు ఒకటి ఉన్నది. ఒకే కొబ్బరినీటిని సోడాతోనూ, సోడా లేకుండానూ పరీక్షించడంవల్ల, తేడాకు కారణం ఆమ్లతేనని వేలు పెట్టి చూపగలిగారు. తక్కిన గుణాలన్నీ అట్లాగే ఉంచి ఒక్క గుణాన్ని మార్చి చూడడమనే పద్ధతి ఇదే.

పెద్దల సలహాలు కూడా ఈ తగవును ప్రతిబింబిస్తున్నవి. 2015లో అమెరికా హృద్రోగసంఘం, రెడ్‌క్రాస్ కలిసి వెలువరించిన ప్రథమచికిత్స సూచనలలో కొబ్బరినీటికి చోటు దొరికింది. 2020లో అంతర్జాతీయ దంతాఘాత సంఘం తన జాబితాలో పాలు, హాంక్ ద్రావణం, పాత్రలో ఉమ్మించిన లాలాజలం, లవణజలం అని వరుసగా చెప్పి ఊరుకొన్నది. నీరు మంచిది కాదని చెబుతూనే, ఎండబెట్టడం కంటె నీరే నయమని కూడా అన్నది. కొబ్బరినీటి స్థానమూ ఇటువంటిదే అనుకోవడం ఉచితం. పాలు దొరకని తోటలో, చెట్టుకింద, కాగితం పొట్లం కంటె అప్పుడే కొట్టిన బొండం వెయ్యిరెట్లు మేలు. టీకొట్టులో పాలున్నప్పుడు కుర్రవాణ్ణి చెట్టెక్కించడం అనవసరం.

పాల విషయంలో డెల్టావారికి ఒక సందేహం రావచ్చును. ప్రయోగాలన్నీ ఆవుపాలతో చేసినవి; ఇక్కడి గ్లాసులో ఉండేవి తరచుగా గేదెపాలు. వెన్న ఎక్కువే గాని, ద్రవాభిసరణ పీడనంలో రెంటికీ పెద్ద భేదం లేదు. ఏ పాలైనా ఆ జంతువు రక్తంతో సమతూకంగానే పొదుగులోనికి దిగుతవి. కాచినవైతే పూర్తిగా చల్లారి ఉండాలి. పంచదార వేసినవి, వేడివి వాడరాదు. మజ్జిగ పులుపు, అది అసలే వద్దు.

అసలు పెద్దలోపం ఇంకొక చోట ఉన్నది. ఏ ద్రవం మంచిదన్న చర్చలో పడి, అన్ని ద్రవాలకంటె మంచి స్థలాన్ని జనం మరచిపోతున్నారు. ఊడిన పన్నుకు సరియైన పాత్ర, అది ఊడివచ్చిన గుంటయే. అక్కడ రక్తమున్నది, వెచ్చదన మున్నది, తెగిన పోగుల రెండవ సగమున్నది. అంతర్జాతీయ సూచనలలో పాల మాట వచ్చేది రెండవ మెట్టులో. మొదటి మెట్టు అక్కడికక్కడే పన్నును తిరిగి పెట్టడం. కొబ్బరినీటి వార్త చెప్పేవారు ఈ మెట్టును దాటవేస్తారు. "వెంటనే దంతవైద్యుని వద్దకు పొండి" అని మాత్రమే చెప్పే సలహాలోనూ ఇదే లోపం. వెంటనే అనే మాటకు భీమవరం పట్టణంలో ఒక అర్థం, గోదావరి పాయల నడుమ లంకగ్రామంలో మరొక అర్థం. నేడు భీమవరంలో, రాజమహేంద్రవరం వద్ద, అమలాపురంలో దంతవైద్య కళాశాలలున్నవి. ఒకనాటితో పోలిస్తే ఇది గొప్ప మార్పే. కాని రేవులో పంటు కోసం కాచుకొని, అవతలి ఒడ్డున బస్సు పట్టుకొని, సాయంకాలం ఆరుదాటిన తరువాత తలుపు తెరచి ఉన్న వైద్యుణ్ణి వెదకేసరికి ఆ అరగంట ఎప్పుడో ఒడ్డునే అయిపోయి ఉంటుంది. పంటి విషయంలో మొదటి వైద్యుడు డ్రిల్లుమాస్టారే.

చేయవలసిన పని కష్టమైనది కాదు, భయమే కష్టం. పన్నును తెల్లగా మెరిసే తలభాగం పట్టుకొని ఎత్తాలి, మూలాన్ని ముట్టరాదు. మట్టి అంటితే పాలతో గాని, పిల్లవాని లాలాజలంతో గాని, అవి లేనప్పుడు కొద్దిపాటి నీటిధారతో గాని క్షణకాలం కడిగితే చాలు. సబ్బు, బ్రష్షు, పసుపు, లవంగనూనె ఏవీ తగలరాదు. ఉబ్బెత్తుగా నునుపుగా ఉన్న వైపు పెదవి వైపునకు వచ్చేటట్లు పట్టి, గుంటలో పెట్టి, వ్రేలితో మెల్లగా నొక్కాలి. ప్రక్క పంటితో సమంగా కూర్చున్న తరువాత మడచిన చేతిరుమాలును పళ్ళ నడుమ పెట్టి కరిచి పట్టుకొమ్మనాలి. అట్లా కరిచి పట్టుకొనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. పిల్లవాడు స్పృహలో లేకున్నా, చేయనీయకున్నా, గుండెజబ్బు లేక రోగనిరోధకశక్తి తగ్గించే జబ్బు ఉన్నవాడైనా ఈ పని మానుకొని, పన్నును పాలలో వేసి తీసికొనిపోవడమే మంచిది.

పాలపళ్ళను మాత్రం తిరిగి పెట్టరాదు; పెడితే లోపల తయారవుతున్న కొత్త పన్ను దెబ్బతినవచ్చును. ఈ ఒక్క నిషేధం అందరికీ తెలిసినట్లే ఉండి, పెద్ద గందరగోళానికి కారణమైనది. మన భాషలో పాలపన్ను తనంత తాను రాలినా ఊడడమే, పక్కా పన్ను దెబ్బకు ఎగిరిపడినా ఊడడమే. ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటికప్పుపైకి విసరడం తెలుగు పిల్లలందరికీ తెలిసిన వేడుక. ఊడిన పన్ను పారవేయవలసిన వస్తువన్న భావం అక్కడే నాటుకొంటుంది. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఈ సందేహం నిజానికి రానక్కరలేదు. ముందరి పళ్ళు ఆరవ ఏట మొదలై తొమ్మిదవ ఏటికల్లా మారిపోతవి. ఆరవ తరగతిలో చేరిన పిల్లవాని కొరికే పన్ను దెబ్బకు ఊడితే అది పక్కా పన్నే, దాని తరువాత మరొకటి రాదు.

పన్నును తిరిగి నాటడం కొత్త సాహసమేమీ కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో నాటి, అది అక్కడ అతుకుకొన్నదని చూపాడు. ఆ నమూనా లండన్ మ్యూజియంలో నేటికీ ఉన్నది. భీమవరం ప్రాంతంలో పుంజులకు కొదువలేదు గాని ఆ ప్రయోగం అక్కడివారు చేయనక్కరలేదు.

వైద్యుని వద్ద జరిగేది క్లుప్తంగా ఇది: పన్నును ప్రక్క పళ్ళకు సన్నని తీగతో రెండు వారాలపాటు కట్టి ఉంచుతారు, ధనుర్వాతం టీకా సంగతి చూస్తారు, మూలం పూర్తిగా తయారైన పన్నైతే రెండు వారాలలోపున లోపలి నాడిని తీసి కాలువ నింపుతారు. గంట దాటిపోయినదని నిరాశపడి పన్నును పారవేయడం కూడా తప్పే. ఆలస్యంగా నాటిన పన్ను చిరకాలం నిలువకపోయినా, పిల్లవాని ఎదుగుదల పూర్తి అయ్యేదాకా ఆ చోటునూ, ఎముకనూ కాపాడుతుంది.

పన్నుకంటె ముందు చూడవలసినవి కూడా లేకపోలేదు. దెబ్బ తగిలిన పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతి చేసుకొన్నా, దవడ మూయలేకపోయినా 108కు ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. 2005 నుంచి నడుస్తున్న ఆ బండి ఉన్నది ఇందుకే. దెబ్బతో సంబంధం లేకుండా, పుచ్చిన పన్నువల్ల దవడ కింద వాపు దిగి, మ్రింగడం గాని ఊపిరి పీల్చడం గాని కష్టమైతే అది అర్ధరాత్రి అయినా ఆగరాని ప్రమాదం. అప్పుడు లవంగం కొరుకుతూ తెల్లవారేదాకా కూర్చోరాదు.

కొబ్బరినీటి తగవును విద్యార్థులు తమ ప్రయోగశాలలోనే కొంత తేల్చుకోవచ్చును. కావలసినది పి.హెచ్. కాగితాలు మాత్రమే. లేతబొండం, కొబ్బరి కట్టిన కాయ, ముదురుకాయ, ఈ మూడింటి నీళ్ళు వేరువేరు గ్లాసులలో పోసి, ప్రక్కనే పాలు, మజ్జిగ, బోరునీరు ఉంచి కాగితం ముంచి రంగులు పోల్చాలి. కణాలకు హాయిగా ఉండేది సుమారు 6.6 నుంచి 7.8 వరకు. ఏవి ఆ గీతలోపల పడతవో, ఏవి బయట ఉండిపోతవో వ్రాసుకోవాలి. తరువాత లేతబొండం నీటిలో చిటికెడు తినేసోడా వేసి మరల చూడాలి. కాగితం రంగు మారుతుంది. బ్రెజిల్ వారు చేసినది ఇదే. అయితే కొలత లేకుండా సోడా వేసిన నీటిలో పన్నును వేయరాదు. సోడా ఎక్కువైతే నీరు క్షారమై, కణాలకు ఆమ్లం చేసే హానినే మరొక దారిలో చేస్తుంది.